పుండు లేని సెప్టిక్

"సెప్టిక్" అను మాటను తెలుగువాడు తనదిగా చేసికొని అర్ధశతాబ్దమునకు మించినది. కాలిలో ముల్లు విరిగి చీము పట్టినను, క్షౌరము నాడు కత్తి గీరుకొని గడ్డము వాచినను, సూది వేసిన చోట గడ్డ కట్టినను, అక్షరము రాని అవ్వ సైతము "సెప్టిక్ అయింది" అని తడబాటు లేక పలుకును. కుళ్లుట అను అర్థమున ఆ మాట హిపోక్రటీసు నాటికే గ్రీకు వైద్యగ్రంథముల కెక్కినదని ఆమె ఎరుగవలసిన పని లేదు. కాని దానికి తోబుట్టువయిన "సెప్సిస్" మాత్రము మన గడప లోపలికి రాలేదు. ఆసుపత్రి అద్దపు తలుపుల ఆవలనే నిలిచిపోయినది.

కొన్ని నెలల క్రిందట గచ్చిబౌలి ప్రాంతమున ఒక పెద్ద ఆసుపత్రిలో బంధువు నొకనిని చూడబోయి, రాత్రి తొమ్మిది దాటిన పిదప ఐసీయూ వెలుపలి కుర్చీలలో కూర్చుండవలసి వచ్చినది. ప్రక్క కుర్చీలో జహీరాబాదు వైపు నుండి వచ్చిన వృద్ధు డొకడు తువాలుతో మాటిమాటికి ముఖము తుడుచుకొనుచుండెను. లోపల నున్నది అతని భార్య. మందుల చీటి పట్టుకొని బయటికి వచ్చిన నర్సును అతడు నిలిపి, "సెప్టిక్ అంటున్నరు గద బిడ్డా, మరి పుండు యాడున్నది? నేనైతే ఒక్క గాయం గూడ సూడలే" అని యడిగెను. ఆ పిల్ల "లోపల తాతా, లోపల" అని చెప్పి, వేగముగా సాగిపోయెను. వృద్ధుడు నా వంక తిరిగి, "లోపల అంటే యాడ సారూ?" అనెను. నాకు తోచిన సమాధానమేదియు అతనికి ఉపకరించునది కాకపోయెను. అతని ప్రశ్నకు ఈ నగరము ఇన్నేండ్లుగా ఏమని బదులు చెప్పుచు వచ్చినదో వెదకుచు పోగా ఈ వ్యాసము తయారయినది.

మన పూర్వు లీ యవస్థను ఎరుగనివారు కారు. వాతపిత్తకఫములు మూడును ఒక్కమారు ప్రకోపించిన జ్వరమును ఆయుర్వేదము సన్నిపాతమన్నది. జనులు దానిని "సంధి" యని కుదించుకొని, రోగి పొంతన లేని మాటలాడినచో సంధి ప్రేలాపన యనిరి. ప్రసవించిన కొలదినాళ్లకే వణకుతో వచ్చి తల్లిని తీసికొనిపోవు దానిని బాలింత జ్వరమనిరి. మాట తడబడుట, రొప్పుట, కాళ్లు చేతులు చల్లబడుట, మూత్రము బిగియుట కనిపించినచో పల్లెటూరి వైద్యుడు పెదవి విరిచి, బంధువులకు కబురు పంపుడని చెప్పెడివాడు. 2016లో అంతర్జాతీయ నిపుణులు సెప్సిస్‌కు మూడవ మారు నిర్వచనము వ్రాసినపుడు, పడక ప్రక్కన నిలిచి త్వరగా పోల్చుకొనుటకు చెప్పిన గురుతులు మూడు: నిమిషమునకు 22కు తగ్గని శ్వాసలు, 100కు మించని పై రక్తపుపోటు, తెలివి చెదరుట. పోటు కొలుచు యంత్రమొకటి చేత లేకపోయెనే గాని, మిగిలిన రెండింటిని మన వైద్యుడు చూడనే చూచినాడు.

ఆ నిర్వచనము ప్రకారము సెప్సిస్ అనగా రక్తమున క్రిమి చేరుట మాత్రమే కాదు. సూక్ష్మజీవి దాడిని ఎదుర్కొనుటకు దేహము పూనిన ప్రయత్నమే అదుపు తప్పి, మూత్రపిండములు, ఊపిరితిత్తులు, కాలేయము, మెదడు మొదలగు తన యవయవములనే చెరచుకొని ప్రాణాపాయము తెచ్చుకొనుట. కంచె చేను మేయుట యని మనవారు దేనిని గురించి యన్నను, దేహవిషయమున దానికి ఇంతకు మించిన దృష్టాంతము దొరకదు. న్యుమోనియా వలన రావచ్చును, మూత్రనాళపు సోకుడు వలన రావచ్చును, పైత్యనాళమున రాయి యడ్డుపడుట వలన, ప్రేగు పగులుట వలన, డెంగ్యూ వంటి వైరసు వలన కూడ రావచ్చును. దానికి స్వంత క్రిమి లేదు, స్వంత ఋతువు లేదు, పుండు ఉండి తీరవలెనను నియమమును లేదు. అందువలననే చరిత్రకారునికి అది చేజిక్కుట కష్టము.

హైదరాబాదు నగరము వ్యాధులను మరచునది కాదు. చార్మినారు 1591లో ప్లేగు తొలగిన గురుతుగా వెలసినదను ఐతిహ్యమును నగరములో ప్రతి బాలుడును వినియున్నాడు. 1813 ప్రాంతమున జంటనగరములను మహమ్మారి పీడించినపుడు, ఉజ్జయినిలో నున్న సైనికోద్యోగి సురిటి అప్పయ్య మహాకాళికి మ్రొక్కుకొని, తిరిగివచ్చి సికింద్రాబాదున అమ్మవారిని నిలిపెననియు, లష్కరు బోనములకు అదియే మూలమనియు ప్రతీతి. 1908 వరదలకు తోడు 1911లో ప్లేగు సోకగా, మరుసటి యేడే ఇరుకు బస్తీలను తీర్చిదిద్దుటకు నగరాభివృద్ధి సంస్థ యొకటి ఏర్పడెను. సాంక్రామిక రోగుల నుంచు నల్లకుంట ఫీవర్ ఆసుపత్రిని పాతకాపులు ఇప్పటికిని "కోరంటి దవాఖాన" యనియే పిలుతురు. క్వారంటైన్ అను మాట మూసీ నీళ్లు త్రాగి కోరంటి యయినది. మహమ్మారికి గుడి, ప్లేగునకు వీథులు, మలేరియాకు ఒక దొర పేరు మిగిలినవి. పేరుతో వచ్చిన ప్రతి రోగమును నగరము ఏదో యొక చోట చెక్కి పెట్టుకొన్నది. మారుపేర్లతో వచ్చి పోయిన సెప్సిస్‌కు మాత్రము రాయి యొక్కటియు దక్కలేదు.

మలేరియా దొర యనగా రోనాల్డ్ రాస్. సికింద్రాబాదు బేగంపేటలో 1897 ఆగస్టు 20వ తేదీన అతడు దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనుగొనెను. మాదాపురమున నేటి సైబర్ టవర్స్‌కు అతడు పనిచేసిన భవనము పది పన్నెండు కిలోమీటర్ల దూరమే. అంతకు తొమ్మిదేండ్ల ముందు, 1888లోను మరల 1889లోను, రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ నాయకత్వమున, ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ ధనసహాయముతో హైదరాబాదు క్లోరోఫారమ్ కమిషన్లు రెండు కూర్చున్నవి. ప్రపంచమున తొలి మహిళా మత్తు వైద్యులలో నొకరుగా పేరు గాంచిన రూపాబాయి ఫర్దూన్‌జీ ఆ కాలపు మనిషియే. మత్తు మందు వలన చచ్చునది గుండె ఆగియా, శ్వాస ఆగియా యని ఆ కమిషన్లు వందలకొలది జంతువులపై పరీక్షించి లెక్కలు వ్రాసినవి. ఎంత శ్రద్ధ! కాని కోత ముగిసి, మత్తు విడి, రోగి ఇంటివారితో మాటాడి నవ్విన రెండు మూడు దినములకు వచ్చు చీముజ్వరము ఆ కమిషన్ల విచారణలోనిది కాదు. వియన్నాలో సెమ్మెల్‌వైస్ 1847లోనే చేతులు కడుగుకొనుడని మొత్తుకొనెను. జోసెఫ్ లిస్టర్ 1867లో కార్బాలిక్ ఆమ్లముతో గాయములు కడిగి ఫలితములు ప్రకటించెను. నొప్పి నెరుగక కోయించుకొనుట సులువయిన కొలది కోతలు పెరిగినవి. కోతలు పెరిగిన కొలది వాని వెంట జ్వరములును పెరిగినవి. వైద్యచరిత్ర యంతట కనిపించు వింత యిది: ఒక యుపకారము తలుపు తెరచి యుంచగా దాని వెనుకనే అపకారము దూరివచ్చును. నగరపు పడమటి భాగమయిన సైబరాబాదు కథలో నిది మరల రాగలదు.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి, అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిని ఊడ్చుకొనిపోయినది. ఆ యావరణలోని చింతచెట్టు నెక్కి నూటయాభై మంది దాక బ్రదికిరందురు. ఆ చెట్టు నేటికిని నిలిచియున్నది. ఆ తీరముననే ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్, విన్సెంట్ ఎష్ అను వాస్తుశిల్పిచే గుమ్మటముల కట్టడమును లేపించెను. అదియే ఉస్మానియా ఆసుపత్రి. ఎత్తయిన కప్పులు, వెడల్పయిన వరండాలు, గాలి వెలుతురు ధారాళముగా ప్రసరించు వార్డులు ఆనాటి శాస్త్రమున కొక విధమైన మందు. గాలియే యాంటీబయాటిక్‌గా నున్న కాలమది. ఆ వార్డులలో బాలింత జ్వరముతోను, కుళ్లిన కాలితోను, పగిలిన అపెండిక్సుతోను ఎందరు పోయిరో ఆ పేర్లతోనే పోయిరి. 2020 జూలైలో వాన కురిసి మురుగునీరు ఆ పాత కట్టడపు వార్డులలోనికి వచ్చినపుడు, మంచములపై కాళ్లు ముడుచుకొని కూర్చున్న రోగుల చిత్రములు పత్రికలలో చూచినవారికి, నూటపండ్రెండేండ్ల తరువాత కూడ ఈ నగరమున ఆసుపత్రికిని మురుగుకును ఉన్న బాంధవ్యము తెగలేదని తెలిసియుండును.

గాలికి బదులు మందు వచ్చిన తీరు వేరొక దేశమున చూడవలెను. 1941లో ఆక్స్‌ఫర్డున ఒక పోలీసుకు ముఖముమీది సోకుడు రక్తమున కెక్కి, కన్నొకటి తీసివేయవలసి వచ్చినది. అతనికి పెనిసిలిన్ ఎక్కింపగా నాలుగు నాళ్లలో లేచి కూర్చుండెను. కాని మందు అయిపోయినది. అతని మూత్రము నుండి పెనిసిలిన్‌ను తిరిగి తీసి ఎక్కించిరి; అదియు అయిపోయినది; అతడు మరణించెను. సెప్సిస్‌కు మందు కలదనియు, అది తగినంత లేదనియు ప్రపంచము ఒక్క మంచము ప్రక్కనే నేర్చుకొన్నది.

తగినంత చేసినవారిలో మన భీమవరపు బిడ్డ యొకడు. యల్లాప్రగడ సుబ్బారావు 1895లో జన్మించి, కొలదినాళ్ల యెడముతో ఇద్దరు సోదరులను స్ప్రూ వ్యాధికి పోగొట్టుకొని, మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు గౌను ధరించిన కారణమున ఆచార్యుని ఆగ్రహమునకు గురియై, అమెరికా చేరి లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనాధిపతి యయ్యెను. ఆయన యాజమాన్యమున బెంజమిన్ డగ్గర్ అను వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు మిస్సోరీ నేలమట్టిలోని జీవి నుండి ఆరియోమైసిన్‌ను రాబట్టెను. టెట్రాసైక్లిన్ జాతికి అది మొదటిది. పెనిసిలిన్‌కు లొంగని క్రిములను సైతము అణచినది. అది విపణిలోనికి వచ్చిన 1948లోనే, ఆగస్టు నెలలో, సుబ్బారావు కన్నుమూసెను. తెలుగుదేశమునకు యాంటీబయాటిక్‌లతో చుట్టరికము ఆనాడు ఏర్పడినది. తరువాత అది బాలానగరు ఫ్యాక్టరీలలో చిక్కబడి, పటాన్‌చెరు కాలువలలో మరియొక రూపము దాల్చినది.

ఐడీపీఎల్ అను ప్రభుత్వరంగ సంస్థ 1961లో పుట్టి, సోవియట్ సహాయముతో బాలానగరున సింథటిక్ మందుల కర్మాగారమును నెలకొల్పెను. దేశము 1970లో పేటెంటు చట్టమును మార్చి, మందునకు గాక మందు చేయు పద్ధతికి మాత్రమే హక్కు నిచ్చుటతో, వేరు పద్ధతి కనిపెట్టగల రసాయనజ్ఞునికి ద్వారము తెరచుకొన్నది. ఐడీపీఎల్‌లో పనిచేసి బయటికి వచ్చినవారు ఒక్కొక్కరు ఒక్కొక్క కంపెనీ పెట్టిరి. 1984లో డాక్టర్ రెడ్డీస్‌ను స్థాపించిన కల్లం అంజిరెడ్డి వారిలో ప్రసిద్ధుడు. జీడిమెట్ల, బొల్లారం, కాజిపల్లి, గడ్డపోతారం, పటాన్‌చెరు ఊళ్ల పొలములలో రియాక్టర్లు వెలసినవి. పరదేశములలో ధనవంతునికి దక్కిన సిప్రోఫ్లాక్సాసిన్ మన బస్తీ మందుల షాపులో కొన్ని రూపాయలకు వచ్చినది. దీని నుపకారము కాదనువాడు కృతఘ్నుడు. ఆ బిళ్ల వలన టైఫాయిడ్ నుండి లేచి బడికి పోయిన పిల్లలు లక్షలు.

ఇక రెండవ ప్రక్క. పటాన్‌చెరు చుట్టుపట్ల గ్రామములవారు బావులు రంగు మారినవనియు, పంటలు మాడినవనియు, పశువులు చచ్చుచున్నవనియు 1980ల నుండి మొరపెట్టుచు 1990లో సుప్రీంకోర్టు గడప ద్రొక్కిరి. తొంబది వరకు గల బల్క్ డ్రగ్ కర్మాగారముల వ్యర్థజలములను శుద్ధిచేయు ఉమ్మడి కేంద్రము పటాన్‌చెరులో నుండెను. స్వీడన్ దేశీయుడు జోకిమ్ లార్సన్, అతని సహచరులు, ఆ కేంద్రము నుండి శుద్ధియై వెలువడు నీటిని పరీక్షించి 2007లో ప్రకటించిన దానిని చదివి, మొదట దశాంశ బిందువు తప్పుపడెనేమో యని సంశయించినవారు కలరు. లీటరు నీటిలో 31 మిల్లీగ్రాముల దాక సిప్రోఫ్లాక్సాసిన్! బిళ్ల మ్రింగిన రోగి రక్తములో నుండు పరిమాణమునకు అది మిక్కిలి హెచ్చు. దినమునకు పదునైదు వందల ఘనమీటర్ల నీటితో గుణించినచో సుమారు నలుబదియైదు కిలోల మందు. అప్పటికి తొంబది లక్షల జనసంఖ్య గల స్వీడన్ అంతయు అయిదు దినములలో వాడునంత. ఆ నీరు ఇసకవాగులో కలిసి, అది నక్కవాగై, నక్కవాగు మంజీరలో కలియును.

మందు నీటిలోనికి చేరిన మాత్రమున సెప్సిస్ రాదు. అది చేయు పని వేరు. మనుష్యుల మలమూత్రములతో వచ్చిన కోటానుకోట్ల బాక్టీరియాలు ఆ బురదలో మందుతో కలిసి యుండగా, మందును తట్టుకొనలేనివి చచ్చును, తట్టుకొనగలవి పెరుగును. అంతటితో ఆగక, తట్టుకొను విద్యను ప్లాస్మిడ్లు అను చిన్న జన్యువలయముల ద్వారా ఇరుగుపొరుగు జాతులకు సైతము పంచిపెట్టును. తరువాతి పరిశోధకులు కాజిపల్లి చెరువులోను, మూసీలోను, మందుల కర్మాగారముల చుట్టుపట్ల నీళ్లలోను అట్టి జన్యువులను, అట్టి క్రిములను విరివిగా కనుగొనిరి. అయినను న్యాయము చెప్పవలెను: ఈ కాలువకును ఐసీయూ మంచమునకును నడుమ సూటిగా గీత గీయుట శాస్త్రజ్ఞులకు సాధ్యము కాలేదు. మన మందుల షాపులలో చీటి లేకుండ అమ్మిన బిళ్లలు, జలుబునకు సైతము ఆర్ఎంపీ వ్రాసిన సూదులు, మూడవనాటికి జ్వరము తగ్గగానే మానివేసిన కోర్సులు చేసిన కీడు కాలువ చేసిన దానికంటె తక్కువ కాదని నా యభిప్రాయము. 2014లో బలమయిన మందులను చీటి లేక అమ్మరాదను షెడ్యూల్ హెచ్1 నియమము వచ్చినది. 2016లో చీటి లేక వాడరాదని గురుతుచేయు, బిళ్లల అట్టపై ఎఱ్ఱగీత ప్రచారము వచ్చినది. 2017లో మందులకు క్రిములు లొంగకుండుటపై జాతీయ కార్యప్రణాళిక వచ్చినది. మా వీథి చివర షాపువాడు ఎఱ్ఱగీత చూచియే అట్టను రెండుగా కత్తిరించి, నాలుగు బిళ్లలు నా చేతిలో పెట్టెను. కేంద్ర పర్యావరణశాఖ 2020 జనవరిలో మందుల ఫ్యాక్టరీల నీటిలో ఏ యాంటీబయాటిక్ ఎంతవరకు ఉండవచ్చునో హద్దులు వ్రాసి ముసాయిదా ప్రకటించెను. 2021 ఆగస్టులో తుది నియమములు వెలువడునప్పటికి ఆ హద్దులు అందులో లేవు.

ఇప్పుడు మాదాపురమునకు రావలెను. గోలకొండ కోటకు నీళ్లిచ్చిన దుర్గం చెరువు దాపున, గుట్టలు బండలు తప్ప మరేమియు లేని ఆ యూరిలో 1998 నవంబరు 22న ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించెను. 2003లో సైబరాబాదు పేర ప్రత్యేక పోలీసు కమిషనరేటు ఏర్పడెను. 2007లో శేరిలింగంపల్లి మహానగరమున విలీనమయ్యెను. 2008లో ఔటర్ రింగు రోడ్డు తొలిభాగము గచ్చిబౌలి నుండి శంషాబాదునకు తెరచుకొన్నది. కంప్యూటరు కంపెనీల వెంట ఉద్యోగులు, ఉద్యోగుల వెంట అపార్ట్‌మెంట్లు, వాని వెంట ఆసుపత్రులు వచ్చినవి. 1988లో అపోలో జూబిలీహిల్స్ గుట్టమీద వెలసినపుడు ఊరికి దూరమనినవారు, ఇరువదియేండ్లు తిరుగకమునుపే దానిని ఊరి నడుమ చూచిరి. మాదాపురము నుండి నానక్‌రామ్‌గూడ వరకు గల ఆ కొలది మైళ్లలో నేడు కొలువయిన ఐసీయూ పడకలు, నిజాము కాలమున రాజ్యమంతట గల ఆసుపత్రి పడకలతో తూగునేమో యని తోచును. కొండాపురమున సర్కారు దవాఖానయు కలదు. 2020 ఏప్రిల్‌లో, కరోనా తరుణమున, గచ్చిబౌలి క్రీడాగ్రామపు భవనమునే టిమ్స్ అను ఆసుపత్రిగా మార్చిరి.

ఆ పడకలలో నెవ్వరున్నారు? సాఫ్ట్‌వేర్ యువకులని తలచువారు పొరబడుదురు. ఎక్కువగా నుండునది వారి తల్లిదండ్రులు: ఇరువదియేండ్ల మధుమేహముతో మూత్రనాళపు సోకుడు తెచ్చుకొన్న వృద్ధులు, డయాలిసిస్ గొట్టము మెడలో గలవారు, కీమోథెరపీ వలన తెల్లరక్తకణములు అడుగంటినవారు, లివరు మార్పిడి చేయించుకొన్నవారు, పాంక్రియాస్ వాచినవారు. మరల సంగారెడ్డి నుండి, మహబూబ్‌నగరు నుండి, కర్నూలు నుండి, కలబురగి నుండి నర్సింగుహోముల మీదుగా నెలవులు మారుచు వచ్చినవారు. మూడు నాలుగు యాంటీబయాటిక్‌లు రుచి చూచిన పిదపనే వీరు ఇచటికి చేరుదురు. జహీరాబాదు నుండి బొంబాయి రోడ్డు మీద వచ్చు అంబులెన్సు పటాన్‌చెరు దాటియే గచ్చిబౌలికి రావలెను. మందు పుట్టిన చోటు, ఆ మందు పనిచేయని చోటు ఒక్క రోడ్డు మీదనే, అరగంట యెడములో నున్నవి. లోకమున మరియొక నగరమునకు ఈ భాగ్యము పట్టినదో లేదో నే నెరుగను.

ఇట వచ్చిన రోగిని బ్రదికించు సాధనములే క్రిమికి దారులగుట క్లోరోఫారము నాటి వింతకు పునరావృత్తి. మెడనరములో సెంట్రల్ లైన్, మూత్రాశయములో కాథెటర్, గొంతులో వెంటిలేటర్ గొట్టము: ఒక్కొక్కటి ఒక్కొక్క ప్రాణరక్షకము, ఒక్కొక్క ద్వారము. వానిపై జిగురుపొరగా పట్టు ఎసినెటోబాక్టర్, క్లెబ్సియెల్లా క్రిములు సబ్బునీటికి లొంగునుగాని ఖరీదయిన మందులకు లొంగవు. ఐసీయూలోని ప్రతి పడక కాలివద్ద నుండు చేతిమందు సీసా సెమ్మెల్‌వైస్‌కు కట్టిన గుడియే. అర్చకులు పూజ తప్పకుండ చేయుచున్నారా యనునదే ప్రశ్న. అచటి వైద్యులు గడియారము చూచి పనిచేయుదురు. పోటు పడిపోయిన సెప్టిక్ షాకులో సరియయిన యాంటీబయాటిక్ ఆలస్యమయిన ఒక్కొక్క గంటకు బ్రదుకు నూటికి 7.6 చొప్పున తరుగునని కెనడా, అమెరికాల రోగుల నుండి 2006లో లెక్క కట్టిరి. బ్లడ్ కల్చర్ ఫలితము వచ్చుటకు రెండు మూడు నాళ్లు పట్టును. అందుచే ఊహించి మందు వేయవలెను. ఊహ తప్పునేమో యని అన్నిటికంటె బలమయినదానిని వేయవలెను. వేసిన కొలది ఆ బలము తరుగును. భారత వైద్యపరిశోధన మండలి లెక్కలలో ఇమిపెనెమ్‌కు లొంగని ఇ. కోలై 2016లో నూటికి 14 కాగా, 2021 నాటికి 36 అయినది.

ఇక సంఖ్యల మాట. 2020లో లాన్సెట్ పత్రిక ప్రకటించిన యంచనా ప్రకారము 2017వ సంవత్సరమున ప్రపంచమున 4.89 కోట్ల మందికి సెప్సిస్ రాగా 1.1 కోట్ల మంది మరణించిరి. లోకములో పోయిన ప్రతి అయిదుగురిలో నొకరు. ఆ మరణములలో మన దేశపు వంతు ఇరువదితొమ్మిది లక్షలు. మన ఐసీయూలలో నాలుగు వేలకు పైబడిన రోగులను పరిశీలించి 2016లో వెలువరించిన ఇండికాప్స్ అధ్యయనమున నాల్గవ వంతునకు మించినవారికి తీవ్ర సెప్సిస్‌గాని సెప్టిక్ షాకుగాని కలదు. గచ్చిబౌలి ఏఐజీ ఆసుపత్రి వైద్యులు నాలుగు దేశములలో, పైత్యనాళపు ఎండోస్కోపీకి వచ్చిన పండ్రెండు వందలకు మించిన రోగులను పరీక్షించి, బహుమందులకు లొంగని క్రిములను మోయుచున్నవారు భారతదేశమున నూటికి 83 మంది, ఇటలీలో 31.5, అమెరికాలో 20.1, నెదర్లాండ్స్‌లో 10.8 అని 2025 నవంబరులో తెలిపిరి. వీరికి సెప్సిస్ వచ్చినదని కాదు. క్రిమి దేహమున కాపురమున్నదని మాత్రమే. రేపు నాళము మూసికొని క్రిమి రక్తమునకెక్కిననాడు, వైద్యుని మొదటి ఊహ తప్పుటకు ఎంత యవకాశము కలదో ఆ యంకె చెప్పును.

ఇవన్నియు ఉండగా, సైబరాబాదులో ఏటేట సెప్సిస్ ఎందరికి వచ్చినది, ఎందరు పోయిరి అని యడిగినచో జవాబు చెప్పు పుస్తకము లేదు. ఒక్కొక్క ఆసుపత్రికి తన లెక్క కలదు. కాని ఆ రోగులలో చాలమంది ఇతర జిల్లాల వారు. ఏ ఊరి జనసంఖ్యతో భాగింపవలెను? హారము లేని లవము గణితము కానేరదు. లవమైనను సరిగా నున్నదా? దేశమున 2020లో నమోదయిన మరణములలో వైద్యుడు కారణము ధ్రువీకరించినవి నూటికి 22.5 మాత్రమే. ధ్రువీకరించిన వానిలోనైనను "గుండె, శ్వాస ఆగుట" యని వ్రాసి చేతులు దులుపుకొనుట కద్దు. గుండె, శ్వాస ఆగక మరణించినవాడు ఎవడయ్యా! క్లోరోఫారమ్ కమిషన్ గుండెయా శ్వాసయా యని తర్కించిన ఊరిలో, నూటముప్పదియైదేండ్ల తరువాత, రెండును కలిపి వ్రాసి తర్కమును ముగించితిమి. జహీరాబాదు వృద్ధుడు మూడవనాడు తెల్లవారుజామున భార్యను తీసికొనిపోవునపుడు, అతనికి రాని భాషలో వ్రాసిన కాగితమును నాకిచ్చి చదువుమనెను. అందును ఆ రెండు మాటలే యున్నవి. సెప్సిస్ అను మాట లేదు.

చదువరులలోని గృహస్థులారా, జ్వరముతో నున్న పెద్దవారు మాట తడబడి, రొప్పుచు, మూత్రము పోయక పడియున్నచో తెల్లవారనిమ్మని ఆగక, ఆ రాత్రియే ఆసుపత్రికి తీసికొనిపోయి, "ఇది సెప్సిసేనా?" యని ఆ మాటతోనే యడుగుడు. మాదాపురము మొదలు నానక్‌రామ్‌గూడ వరకు గల ఆసుపత్రుల పెద్దలకు నా విన్నపము వేరొకటి. మీ బ్లడ్ కల్చర్ల చిట్టాలు, మీ సెప్సిస్ మరణముల సంఖ్యలు, రోగి ఏ జిల్లా నుండి వచ్చెనో, మీ వద్దకు రాకమునుపు ఏయే మందులు వాడెనో ఆ వివరములు, రోగుల పేర్లు తీసివేసి, ఏడాది కొక్కమారు ఒక్క పుస్తకముగా కూర్చి నగరమున కిండు. మీ భవనములు ఒకదానికొకటి అరగంట దూరము లోపలనే యున్నవి. కంప్యూటర్లు మీ ప్రక్క వీథిలోనే యున్నవి.